రెండువందల పద్నాలుగో నోరు

నా బంగారు వదినా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన మా అన్నయ్య లేకుండా చూసుకో. ఉన్నాడంటే పైకి చదవమంటాడు, విన్నాక మా ఆయన్ని వెనకేసుకొస్తాడు. ఇది నీకూ నాకూ మధ్య మాట.

పోయిన వారం కింది చిగుళ్ళు పుండ్లు పడి మూడు రోజులు నీళ్ళు తప్ప ఏమీ మింగలేకపోయాను. ఇదేం కొత్త కాదు. ఈ పళ్ళ సెట్టు నా నోట్లోకి వచ్చి పదకొండేళ్ళు, ఈ పదకొండేళ్ళూ ఇదే వరస. మాట్లాడితే టకటకమంటుంది. తుమ్మితే జారుతుంది. స్కూల్లో టైపిస్టుగా చివరి మూడేళ్ళూ నేను నవ్వితే ఒట్టు. మొరపెట్టుకున్నప్పుడల్లా మా ఆయనది, అదే మీ అన్నయ్యగారిది, ఒకటే జవాబు: "సెట్టు తప్పు కాదే, నీ నోరే తప్పు. కాస్త తక్కువ మాట్లాడు, అదే సర్దుకుంటుంది." ముప్పై ఏళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర వెనకగదిలో కూర్చుని ఊరందరికీ పళ్ళు తయారుచేసిన మనిషి, ఇక్కడ అందరూ పళ్ళాయన అని పిలిచే మనిషి, ఆయన మాట కాక ఎవరి మాట నమ్మను? నా నోరే వంకర అనుకున్నాను. అద్దం ముందు నిలబడి దవడ పట్టుకుని పక్కకి తోసి చూసుకున్న రోజులున్నాయి. నవ్వకు.

కొత్తగా స్క్రూలతో బిగించే పళ్ళు వచ్చాయి, కదలవట, నొప్పి ఉండదట. చేయించుకుంటానని నెల రోజులుగా అడుగుతున్నాను. డబ్బు లేకపోతే నోరెత్తేదాన్నే కాదు. బ్యాంకులో మా ఇద్దరి పేరా ఉన్న డిపాజిట్లో ఆయన జీతం ఎంత పడిందో, నాదీ ఇంచుమించు అంతే పడింది. ఆయనేమో అది చివరి రోజులకంటారు. పిల్లాజెల్లా లేనివాళ్ళం, మంచాన పడితే ఎవరు చూస్తారంటారు. అంతవరకైతే ఊరుకునేదాన్ని. మొన్న ఆయన పాత స్నేహితుడి రిటైర్మెంటు భోజనానికి వెళ్ళాం. కాల్చిన మొక్కజొన్న కంకుల పళ్ళెం తిరుగుతోంది. ఎవరో "అమ్మగారికీ ఇవ్వండి" అన్నారు. ఈయన నవ్వుతూ, బల్లంతా వినపడేట్టు, "దానికెందుకండీ? పళ్ళకోసం డిపాజిట్ తీసేయమంటోంది. అరవై ఆరొచ్చాయి, ఇంకెన్నాళ్ళు నములుతుంది కనక?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మర్నాడే ఆయనకి చెప్పకుండా కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్లే, కానీ చెయ్యి మెత్తన. సెట్టు తీసి దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది మీ నోటికి చేసింది కాదు" అంది. "వేరేవాళ్ళకి చేసి, తర్వాత అరగదీసి మీకు పట్టించారు. ఇవిగో ఆకురాయి గీతలు." లోపలివైపు గులాబీరంగు కింద చిన్న కాగితం ముక్క మీద 214 అని ఉంటుంది. పదకొండేళ్ళుగా రోజూ తోముతూ చూస్తున్న నంబరే. కంపెనీ నంబరనుకున్నాను. "అది కంపెనీది కాదమ్మా, చేయించుకున్నవాళ్ళది. ఒకరి సెట్టు ఇంకొకరికి పోకుండా లోపల పెడతారు" అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చి, ఆయన నడకకి వెళ్ళగానే, ఆయన పని గదిలో పళ్ళు చేయించుకున్నవాళ్ళ పేర్లు రాసుకున్న పాత పుస్తకం తీశాను. రెండువందల పద్నాలుగు: పోస్టుమాస్టరుగారి అత్తగారు, పై వరస, కింది వరస. పక్కన ఎర్ర సిరాతో ఒకటే మాట, "రాలేదు". ఎవరో చేయించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసిన పళ్ళు వదినా. అవి గీకి, నా నోట్లో పెట్టి, పదకొండేళ్ళు నా నోరే తప్పన్నాడు ఈ మహానుభావుడు.

నిర్ణయం తీసేసుకున్నాను. డిపాజిట్ మొత్తం తీసేస్తాను. ఎవరైనా ఒకరి సంతకం చాలు. పైసా మిగల్చను. ఆయన చివరి రోజులకని దాచిందంతా నా నోట్లో బిగించుకుని, రోజుకి మూడు పూటలా ఆయన ఎదురుగా కూర్చుని కరకరా నములుతాను.

నీ ఆడపడుచు,
పళ్ళు నూరుకోవడానికి కూడా సొంత పళ్ళు లేనిది

*

వదినా,

నీ జవాబు అందింది. తొందరపడకు, వయసు మీద పడుతోంది, చేతిలో నాలుగు డబ్బులుండాలి అని రాశావు. నువ్వూ ఆయన పక్షమేనా అని ముందు ఒళ్ళు మండింది. తర్వాత జరిగింది చెప్తే నువ్వే నవ్వుతావు.

ఆదివారం పొద్దున ఆయన టీ తాగుతుంటే ఎదురుగా కూర్చున్నాను. "రెండువందల పద్నాలుగు ఎవరండీ?" అన్నాను. కప్పు దించలేదు. "ఎవరో, ఏమో" అన్నారు. "ఎవరో కాదు. ఆవిడ పళ్ళు నా నోట్లో ఉన్నాయి" అన్నాను. అప్పుడు దించారు.

సిగ్గుపడతారనుకున్నాను. అబ్బే! "ఆవిడ రాలేదే" అన్నారు, తప్పంతా ఆవిడదే అయినట్టు. "ఆర్నెల్లు చూశాను. ముసలావిడ. మా పనిలో రాలేదంటే పోయారనే అర్థం. అంత మంచి పళ్ళు చెత్తబుట్టలో పడేయమంటావా? రెండు రోజులు కూర్చుని నీకోసం అరగదీశాను."

"నాకోసం కొత్తవి చేయొచ్చుగా?"

"చేతిలో ఉన్నవి పెట్టుకుని కొత్తవాటికి ఖర్చెందుకే? అయినా ఆవిడ ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు, అవీ కొత్తవే."

"మరి నా నోరు తప్పన్నారు?"

కప్పు పక్కకి జరిపి, "సరేలే, అంతగా ఉంటే ఇప్పుడు నేనే ఇంకోటి చేసిపెడతాలే, ఊరికే" అన్నారు. ఊరికే! పదకొండేళ్ళ పుండుకి ఈయన వేసిన మందు అదీ, ఊరికే. తప్పయిందన్న రెండు మాటలైతే అంతకన్నా ఊరికే వచ్చేవి. అవి రాలేదు.

సోమవారం బ్యాంకు తలుపులు తీసే సరికి గుమ్మంలో ఉన్నాను. కౌంటర్లో అమ్మాయి కాగితాలన్నీ చూసి "మొత్తమా అమ్మా?" అంది. "మొత్తం" అన్నాను. పెన్ను ఇచ్చింది. సంతకం పెట్టబోతూ ఉంటే ఎక్కడినుంచి గుర్తొచ్చాడో మా కింద వాటాలో ఉండే డ్రైవరుగారు. మూడేళ్ళు మంచంలో ఉన్నాడు. చూసుకోవడానికి పెట్టుకున్న మనిషికి ఇవ్వడానికి డబ్బు లేక చివరి నెలల్లో పక్క తడిస్తే ఎవరైనా మెట్లు దిగి వచ్చేదాకా అలాగే పడుకునేవాడు. నేనే రెండుసార్లు మార్చాను. ఆ వాసన నా ముక్కుకి తగిలింది వదినా, బ్యాంకులో. పెన్ను అక్కడ పెట్టేసి, "కళ్ళజోడు మర్చిపోయాను" అని అబద్ధం చెప్పి వచ్చేశాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన మీద కోపంతో వెళ్ళి, ఆయన భయాన్నే సంచిలో వేసుకుని తిరిగొచ్చాను. ఆయన చెప్పింది తప్పు కాదన్నదే నన్ను ఎక్కువ ఏడిపిస్తోంది. మంచాన పడితే నిజంగానే ఎవరూ లేరు. అలాగని ఇరవయ్యేళ్ళ తర్వాత వచ్చే మంచం కోసం ఇప్పుడు పుండ్లతో కూర్చోవాలా? అటూ తేలక, ఇటూ తేలక ఉన్నాను.

డబ్బు సంగతి తేలకపోయినా పరువు సంగతి తేలుస్తాను. పోస్టుమాస్టరుగారి ఇల్లు కనుక్కున్నాను, నాలుగు వీధుల అవతలే. ఆయన పోయారట, భార్య ఉంది. అంటే రెండువందల పద్నాలుగు కూతురు. ఆవిడ ఎదురుగా ఈ సెట్టు నోట్లోంచి తీసి, చేతిలో పెట్టి, మీ అమ్మ పళ్ళను మా ఆయన ఏం చేశాడో వినండని చెప్తాను. పోయినావిడ వస్తువు కాజేశాడన్న మాట నాలుగు వీధుల్లోనూ తిరగాలి. ఆ భోజనం బల్ల దగ్గర నవ్విన ప్రతివాడి చెవినా పడాలి.

నీ ఆడపడుచు,
బ్యాంకు గుమ్మం దాకా మాత్రమే ధైర్యం ఉన్నది

*

వదినా,

ఈ ఉత్తరం నిన్న మొదలుపెట్టి రెండుసార్లు చింపేశాను.

పోస్టుమాస్టరుగారి భార్య తలుపు తీసింది. డెబ్బై దాటిన మనిషి. ఇల్లు అద్దంలా ఉంది. సోఫా మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు, కూర్చుంటే చరచరమంది. "నేను పళ్ళాయన భార్యనండీ" అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. నాకు లోపల ఎంత సంతోషమేసిందో, ఇంకా అసలు మాట మొదలుపెట్టనే లేదు, అప్పుడే ఇంత ఉంటే తర్వాత ఎంతుంటుందో అని. దవడ కింద చెయ్యి పెట్టుకున్నాను, సెట్టు తియ్యడానికి.

పక్క గదిలోంచి ఓ గొంతు, "ఎవరే వచ్చిందీ?" అని. మళ్ళీ అదే గొంతు, "పళ్ళాయన అన్నట్టు వినపడింది. నా పళ్ళు అయ్యాయా?" అంది.

బతికే ఉంది వదినా. తొంభై ఒకటి.

కూతురు నన్ను వసారాలోకి లాక్కెళ్ళింది. గొంతు తగ్గించి గబగబా చెప్పుకుపోయింది. "అప్పటికే మా అమ్మకి ఎనభై అండీ. కొలతలిచ్చి వచ్చాక మా ఆయన, ఈ వయసులో అంత ఖర్చు దండగ, ఇంకెన్నాళ్ళుంటుంది అన్నారు. నాకూ నిజమే అనిపించింది. వద్దని మొహాన చెప్పలేక, ఆయన ఇంకా చెయ్యలేదమ్మా అని చెప్పాం. అడిగినప్పుడల్లా అదే చెప్తూ వచ్చాం. ఇన్నేళ్ళుంటుందని ఎవరనుకున్నారు?" ఏడుపు కూడా వచ్చింది ఆవిడకి. "మీ ఆయన్ని రోజూ తిడుతుందండీ. ఏమీ అనుకోకండి" అంది. ఇంకెన్నాళ్ళు! మా ఆయనా ఆ పోస్టుమాస్టరూ ఒకే బడిలో చదువుకున్నారేమో.

వెళ్ళిపోదామనుకున్నాను. లోపల్నించి "ఇలా రావే అమ్మాయ్" అని పిలిస్తే వెళ్ళక తప్పలేదు. చిన్న మంచం, పక్కన స్టూలు, స్టూలు మీద గ్లాసులో జావ. మనిషి గుప్పెడంత ఉంది, కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి. దగ్గరికి రమ్మంది. వంగాను. నా మొహం కేసి చూస్తూ, "నీ పళ్ళు బాగున్నాయే. మీ ఆయనే చేశాడా?" అంది. తల ఊపాను. నోరు విప్పితే ఆ టకటక ఆవిడకి వినపడుతుందని భయం. "పెళ్ళానికైతే తీరిక దొరికిందన్నమాట వాడికి" అని మొహం గోడవైపు తిప్పుకుంది.

నేను నమిలిన ప్రతి ముద్దా గుర్తొచ్చింది. పుండ్లు పడ్డ నోరు నాది, నిజమే. ఆ నోట్లో ఉన్నవి మాత్రం ఆవిడవి. నేను పదకొండేళ్ళు వీటిని తిట్టుకుంటూ తోముకున్నాను, ఆవిడ పదకొండేళ్ళు వీటికోసం జావ తాగుతూ కూర్చుంది. పగ తీర్చుకోవడానికి వెళ్ళినదాన్ని, నామీద పగ పట్టడానికి హక్కున్న మనిషిని చూసి వచ్చాను.

నాకు మా ఆయన మీద కోపం తగ్గిందనుకోకు. రెట్టింపయింది. కానీ దానితో ఏం చెయ్యాలో ఇప్పుడు తెలిసింది.

నీ ఆడపడుచు

*

వదినమ్మా,

అయిపోయింది. తీరిగ్గా కూర్చుని చదువు, ఈసారి కావాలంటే అన్నయ్యకి కూడా వినిపించు.

ఆ రోజు ఇంటికి రాగానే "రేపు సామాను సర్దుకోండి. రెండువందల పద్నాలుగు బతికే ఉంది" అన్నాను. ఆయన మొహం చూడాల్సింది నువ్వు. "రాలేదుగా?" అన్నారు. "రాకపోతే మనమే వెళ్దాం" అన్నాను. నోటి అచ్చు తీసే పళ్ళేలూ, ముద్ద కలిపే గిన్నే సంచిలో ఆయనే పెట్టుకున్నారు. నేను సాయం చెయ్యలేదు.

ముసలావిడ ఆయన్ని చూస్తూనే మొదలుపెట్టింది. "నువ్వేనా? నీ చెయ్యి పడిపోనూ, పదకొండేళ్ళు పడుతుందిట్రా నాలుగు పళ్ళకి?" మా ఆయన పోస్టుమాస్టరుగారి భార్యవైపు చూశారు, నిజం చెప్తుందని. ఆవిడ కిటికీ చువ్వలు లెక్కపెడుతోంది. నావైపు చూశారు. సంగతంతా తెలిసినదాన్ని నేనే. ఒక్క మాట అంటే ఆయన ఆ నింద నుంచి బయటపడేవారు. నేను అనలేదు. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. చెయ్యని తప్పుకి మాట పడటం ఎలా ఉంటుందో నాకు పదకొండేళ్ళు తెలుసు. ఆయనకి పావుగంట తెలిస్తే ఏం పోయింది?

చివరికి తల వంచుకుని "తప్పయిపోయిందమ్మా" అన్నారు. నాకు ఒక్కసారి కూడా చెప్పని మాట. ఆవిడకి చెప్పినా నాకు కాస్త కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత అచ్చు తియ్యడానికి వేలు లోపల పెట్టారు, ఆవిడ ఠక్కున చిగుళ్ళతోనే కొరికేసింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. వసారాలోకి పరిగెత్తి కడుపు పట్టుకుని నవ్వాను వదినా, నోటికి చెయ్యి అడ్డం లేకుండా. నా సెట్టు జారి నేలమీద పడింది. తీసి మళ్ళీ పెట్టుకోలేదు, రుమాల్లో చుట్టుకున్నాను.

మూడు వారాలు చేశారు ఆ పని. ఇంత శ్రద్ధగా చెయ్యడం నేనెన్నడూ చూడలేదని ఒప్పుకోవాలి. మైనం మీద పళ్ళు అమర్చి, పట్టుకెళ్ళి చూపించి, తెచ్చి మార్చి, మళ్ళీ పట్టుకెళ్ళారు. వెళ్ళిన ప్రతిసారీ తిట్లు తిన్నారు. ఒక్క ఎదురుమాట అనలేదు. అడగకుండానే వస్తువుల ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నారు. ఆ మూడు వారాలూ నేను పళ్ళు లేకుండానే ఆయన ఎదురుగా కూర్చుని జావ తాగాను, చప్పుడు చేస్తూ. కొత్తది చేస్తానని ఆయన మళ్ళీ అనలేదు. నేనూ అడగలేదు.

నిన్న సెట్టు పెట్టాం. ఆవిడ అద్దం అడిగింది, చాలాసేపు చూసుకుంది. కూతురు ఆపిల్ ముక్క కోసి ఇచ్చింది. ముసలావిడ కొరికింది. నమిలింది. మేం ముగ్గురం పరీక్ష రాసి ఫలితం కోసం కూర్చున్నవాళ్ళలా ఆవిడ నోటికేసి చూస్తున్నాం. మింగాక కూతుర్ని దగ్గరికి పిలిచింది.

"ఈయన అప్పుడే చేసేశాడని నాకు తెలుసే" అంది. "మీ ఆయన నీతో అన్న మాట ఈ మంచం మీంచే విన్నాను. ఇంకెన్నాళ్ళుంటుందన్నాడు."

కూతురు కోస్తున్న ఆపిల్ పక్కన పెట్టేసింది. "మరి రోజూ ఈయన్నెందుకు తిట్టావమ్మా?" అంది.

"నీకు వినపడాలని" అంది ముసలావిడ. "మనసు కరిగి ఒక్కరోజైనా నిజం చెప్తావేమోనని చూశాను. పదకొండేళ్ళు. అన్నేళ్ళూ ఆ డబ్బు ఎవరికోసం దాచావే? నీకూ డెబ్బై దాటాయి, నిన్ను చూడటానికి నాకున్నట్టు కూతురు కూడా లేదు." తర్వాత మా ఆయన వైపు తిరిగి, ఏమీ జరగనట్టు, "ఇంకో ముక్క ఇవ్వు నాయనా" అంది.

బయటికొచ్చాక ఇద్దరం ఇంటిదారి పట్టాం. మూడో వీధి మలుపులో ఆయన ఆగారు. "పద, బ్యాంకుకి వెళ్దాం. నీ స్క్రూల పళ్ళకి ఎంతయితే అంత తీద్దాం. నేనే సంతకం పెడతాను" అన్నారు. ఏదో గొప్ప దానం చేస్తున్నట్టే ఉంది మొహం, పాపం.

"మొన్ననే తీసేశాను" అన్నాను.

"మొత్తమా?" అన్నారు.

నేను నడుస్తూనే ఉన్నాను.

నీకు మాత్రం చెప్తున్నాను వదినా. సగమే తీశాను, నేను సంపాదించిన సగం. ఆ డ్రైవరుగారి పక్కబట్టలు మార్చిన చేతులు ఇవి, రెండో సగం ముట్టుకోలేకపోయాను. నువ్వు రాసిందీ, ఆయన భయపడిందీ నిజమే, ఆ నిజానికి ఆ సగం చాలు. డాక్టరమ్మ వచ్చే సోమవారం మొదటి స్క్రూ వేస్తుంది. పాస్‌బుక్ నా బీరువాలో ఉంది, తాళంచెవి నా దగ్గరుంది. నిన్నటినుంచి మీ అన్నయ్యగారికి అన్నం సయించడం లేదు, కంచం ముందు కూర్చుని నా మొహంలోకి చూస్తున్నారు. చెప్తాను. పదకొండు రోజులాగి చెప్తాను.

నీ ఆడపడుచు